సత్రంలో చోటు: సింగపూరులో ఇల్లు లేనివాళ్ళ క్రిస్మస్

క్రిస్మస్ నెల కదా, ఈ వారం ఆ పండుగకు దగ్గరగా ఉన్న ఒక సంగతి మాట్లాడుకుందాం. సింగపూరులో ఆర్చర్డ్ రోడ్డు మీద క్రిస్మస్ దీపాలు పెట్టడం 1984లో మొదలైంది. పర్యాటకుల కోసం మొదలుపెట్టిన ఏర్పాటు అది. సెలవులకి ఇండియా వెళ్తూనో, ఆస్ట్రేలియా నుంచి వస్తూనో మనవాళ్ళు చాలామంది అక్కడ ఒక పూట ఆగి ఆ దీపాల కింద ఫోటోలు దిగినవాళ్ళే. అంత శుభ్రమైన ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళు ఉంటారా అని అడిగితే, చాలా ఏళ్ళపాటు ఆ ఊరివాళ్ళే "అబ్బే, ఇక్కడ అలాంటివాళ్ళు లేరండీ" అనేవారు. అబద్ధం చెప్పాలని కాదు, వాళ్ళకి నిజంగానే కనపడలేదు. ఎందుకు కనపడలేదు, ఎలా కనపడ్డారు, కనపడ్డాక ఏమైంది అన్నదే ఈవేళ కథ.

ఏసు పుట్టిన కథ అందరికీ తెలిసిందే. నిండు చూలాలితో ఊరు చేరిన దంపతులకి బస దొరకలేదు, బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. మన తెలుగు బైబిల్లో ఆ బసకి సత్రం అనే మాటే వాడారు. చక్కటి మాట. సత్రం అంటే ఏమిటో మనకి విడమరచి చెప్పక్కర్లేదు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటాం. అయితే మన సత్రాలన్నీ అంత ఉదారమైనవేం కావు లెండి. కులం అడిగి పంక్తి వేసినవి ఎన్నో ఉన్నాయి. ఎవరివి, ఎందుకొచ్చావు, ఎప్పుడు పోతావు అని అడగకుండా ఒక రాత్రికి చోటివ్వడం ఏ దేశంలోనూ తేలికగా జరిగిన పని కాదు. సింగపూరులో దానికి రెండు వందల ఏళ్ళు పట్టింది.

1822లో రాఫిల్స్ సింగపూరు పట్టణానికి పథకం వేయించినప్పుడు ఒక నియమం పెట్టాడు. వీధి పొడుగునా ప్రతి ఇంటి ముందూ కప్పుతో ఒక వరండా ఉండాలి, అది అందరూ నడవడానికి ఎప్పుడూ తెరిచి ఉండాలి. దాన్నే ఫైవ్ ఫుట్ వే అంటారు. మన పల్లెటూళ్ళలో వీధి అరుగు ఉంటుందే, ఆ అరుగులన్నీ ఒకదానికొకటి కలిపేస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఎండకీ వానకీ పనికొచ్చే ఏర్పాటు. పగలు అక్కడ మంగలి, చెప్పులు కుట్టేవాడు, ఉత్తరాలు రాసిపెట్టేవాడు కూర్చునేవారు. రాత్రి గది అద్దె కట్టలేని కూలీలు పడుకునేవారు. ఓడ రేవు కాబట్టి జబ్బుపడ్డవాళ్ళూ, పని పోయినవాళ్ళూ చేరుతూనే ఉన్నారు.

వీళ్ళ కోసం మొదట్లో పంది మాంసం మీద పన్ను వసూలు చేసి ఒక పేదల ఆస్పత్రి నడిపేవారు. 1837లో ఆ పన్ను ఎత్తేశారు. పన్ను పోవడంతో ఆస్పత్రికి డబ్బు కరువైంది, రోగులు వీధుల్లో పడిపోయారు. అప్పుడు ముందుకొచ్చినవాడు తాన్ టాక్ సెంగ్. మలక్కాలో పుట్టి, సింగపూరొచ్చి కూరగాయలూ కోళ్ళూ అమ్మి పైకొచ్చిన వ్యాపారి. ఆయన డబ్బుతో 1844లో పెర్ల్స్ హిల్ మీద పేదల ఆస్పత్రికి పునాదిరాయి వేశారు. ఇప్పుడు సింగపూరులో ఆయన పేరుతో ఉన్న పెద్దాస్పత్రి దానికి వారసురాలే. దిక్కులేని శవాలకి సొంత ఖర్చుతో అంత్యక్రియలు చేయించేవాడని కూడా ఆయనకి పేరు.

మనవైపు వాళ్ళు ఈ కథలోకి ఎలా వచ్చారో కూడా చెప్పాలి. 1825లో భారతీయ ఖైదీల్ని సింగపూరుకి తేవడం మొదలైంది. 1873 దాకా వాళ్ళు అక్కడ రోడ్లు వేశారు, వంతెనలు కట్టారు. మన కోస్తా జిల్లాలు కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళినవాళ్ళు వాళ్ళలో చాలామంది. సింగపూరులో క్రిస్మస్ గంటలు మోగే సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ కట్టింది ఆ ఖైదీలే. 1862లో దాని ప్రతిష్ఠ జరిగింది. లోపలి గోడలకి వాడింది మద్రాసు చునాం, అంటే గుల్లసున్నంలో కోడిగుడ్డు తెల్లసొనా, బెల్లపు పంచదారా కలిపి చేసే పూత. ఆ పనితనం మన పెద్ద ఇళ్ళలో స్తంభాలకి చూసినవాళ్ళు ఇంకా ఉంటారు. ఇల్లూ ఊరూ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు దేవుడికి కట్టిన ఇల్లు అది.

ఇక క్రిస్మస్ సాయం సంగతి. వీధి మూల ఎర్ర బిందె లాంటిది వేలాడదీసి గంట కొడుతూ డబ్బు అడిగే సాల్వేషన్ ఆర్మీ వాళ్ళని అమెరికాలో ఉన్నవాళ్ళు ప్రతి డిసెంబరులో చూస్తారు. 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జోసెఫ్ మెక్‌ఫీ అనే ఆయన పేదవాళ్ళకి క్రిస్మస్ భోజనం పెట్టాలనుకుని, పడవల రేవు దగ్గర ఒక పాత్ర పెట్టాడు. అలా పుట్టింది ఆ ఆచారం. ఈ సంస్థ సింగపూరుకి 1935లో వచ్చింది. జపాను ఆక్రమణ కాలంలో దాని నాయకులు నిర్బంధంలో గడిపారు, యుద్ధం అయ్యాక పని మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ ఎర్ర పాత్రలు సింగపూరు అంగళ్ళ ముందు కూడా కనిపిస్తాయి.

అదే సాల్వేషన్ ఆర్మీ మన తెలుగునాట కూడా ఉంది. బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురం పేరు విననివాళ్ళు ఎవరు? అది పుట్టింది 1910లలో. ఎరుకల వాళ్ళని నేరస్థ జాతి అని చట్టం పెట్టి ముద్ర వేసిన బ్రిటిష్ ప్రభుత్వం, వాళ్ళని ఒకచోట స్థిరపరిచే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఊరికి హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, పని చూపించారు. దాంతోపాటు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది. ఊరి మీద పడ్డ ముద్ర మాత్రం సినిమాల దాకా సాగింది. ఇల్లు ఇవ్వడం ఒకటి, ఇంట్లో పెట్టి గడియ వేయడం ఒకటి. రెండూ ఒకే చేత్తో జరగడం మన గడ్డ మీదే చూశాం.

షరతు గురించి ఆలోచించినవాళ్ళు కూడా లేకపోలేదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. పని ఇస్తే కూలి వస్తుంది, కూలితో గింజలొస్తాయని. ఆ సహాయం నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. ఇటు తెలంగాణలో మెదక్ చర్చి ఉందే, అది కూడా కరువు పనే. 1914లో చార్లెస్ పాస్నెట్ మొదలుపెట్టించాడు. పని చేసినవాళ్ళకి తిండి దొరికింది, పదేళ్ళకి గుడి లేచింది. సరిగ్గా 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే, దాని ప్రతిష్ఠ. 2024లో నూరేళ్ళు నిండాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, స్వతంత్రం వచ్చాక సింగపూరు ఎంచుకున్న దారిలో కూడా ఈ రెండు చేతులూ కనిపిస్తాయి.

మొదటి చెయ్యి చాలా గొప్పది. 1960లో హెచ్‌డీబీ అనే గృహనిర్మాణ సంస్థ పెట్టారు. 1961 మే 25న బుకిత్ హో స్వీ అనే గుడిసెల వాడలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి సుమారు 16,000 మంది నిలువనీడ లేకుండా పోయారు. వాళ్ళకి పక్కా ఇళ్ళు కట్టే పని మెరుపు వేగంతో మొదలైంది. 1964 నుంచి ఇళ్ళు అమ్మడం మొదలుపెట్టారు. ఒకటి రెండు తరాలు గడిచేసరికి పదింట తొమ్మిది కుటుంబాలకి సొంత ఇల్లు. ప్రపంచంలో ఇంకెక్కడా ఇలా జరగలేదంటే అతిశయోక్తి కాదు.

రెండో చెయ్యి 1965లో వచ్చిన నిరాశ్రయుల చట్టం. అడుక్కుంటున్నవాళ్ళనీ, ఇల్లూ జీవనాధారమూ కనపడకుండా బహిరంగ స్థలాల్లో తిరిగేవాళ్ళనీ అధికారులు తీసుకెళ్ళి సంక్షేమ గృహంలో చేర్చవచ్చు. 1989లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, పద్ధతి మాత్రం అదే. అక్కడ తిండీ, మందూ, మంచమూ అన్నీ ఉంటాయి. బయటికి రావాలంటే అధికారి ఒప్పుకోవాలి. నా మటుకు నాకు ఈ చట్టం పెట్టినవాళ్ళు దుర్మార్గులని అనిపించదు. ముసలివాళ్ళూ, మతి చలించినవాళ్ళూ వీధిలో చనిపోకుండా ఆ గృహాలు కాపాడాయి. కానీ ఒక్కటి ఆలోచించండి. యూనిఫారం వేసుకున్నవాళ్ళు కనిపిస్తే తీసుకుపోతారన్న భయం ఉన్న మనిషి ఎక్కడ పడుకుంటాడు? ఎవరికీ కనపడని చోట పడుకుంటాడు. ఊళ్ళో వాళ్ళు లేరన్న మాట అలా నిజమైపోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సింగపూరులో ఇల్లు కుటుంబానికి ముడిపడి ఉంది. పెళ్ళి కాని మనిషి హెచ్‌డీబీ ఇల్లు కొనాలంటే 35 ఏళ్ళు నిండాలి. బీదవాళ్ళకి తక్కువ అద్దె ఇళ్ళు ఉన్నాయి, కానీ ఒంటరివాళ్ళయితే ఇద్దరు కలిసి ఒకే గది ఇంటికి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. గది అంటే ఒక్కటే గది, నడుమ గోడ లేదు. విడాకులైన 60 ఏళ్ళ మనిషికీ, ముక్కూ మొహం తెలియని ఇంకో 60 ఏళ్ళ మనిషికీ ఒకే గది. ఒకరికి లైటు కావాలి, ఒకరికి చీకటి కావాలి. ఒకరు సిగరెట్టు తాగుతారు, ఒకరికి దగ్గు. గొడవ పడలేక ఒకరు చాప చంకన పెట్టుకుని కిందికి దిగిపోతారు. కాగితం మీద ఆ మనిషికి ఇల్లు ఉన్నట్టే. అపార్ట్‌మెంట్ల కింద ఖాళీగా వదిలే అంతస్తు ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. పెళ్ళిళ్ళూ చావులూ అక్కడే జరుగుతాయి. పాత ఫైవ్ ఫుట్ వే పోయాక ఈ తరానికి అరుగు అదే.

వీళ్ళు ఎంతమంది అన్నది తేల్చినవాళ్ళు ప్రభుత్వం బయటివాళ్ళు. 2017లో ఒక రాత్రి స్వచ్ఛంద సేవకులు కొన్ని పేటలు తిరిగి 180 మందిని లెక్కపెట్టారు. 2019లో లీ క్వాన్ యూ పబ్లిక్ పాలసీ స్కూల్లో పనిచేసే ఇంగ్ కాక్ హో అనే పరిశోధకుడు ఊరంతా లెక్క తీయించారు. సుమారు 480 మంది మామూలు పౌరులు, రాత్రి పొద్దుపోయాక, బ్లాకు తర్వాత బ్లాకు నడిచారు. తేలిన లెక్క 921 నుంచి 1,050 మంది. ఆ నివేదిక 2019 నవంబరులో, క్రిస్మస్ దీపాలు వెలిగే రోజుల్లోనే బయటికొచ్చింది.

అందులో అంకె కన్నా వివరాలే జనాన్ని కదిలించాయి. మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది పని చేసుకుంటున్నవాళ్ళు. పాకీ పని, కాపలా పని, అలాంటివి. ఎక్కువమంది మగవాళ్ళు, యాభై దాటినవాళ్ళు. ఏళ్ళ తరబడి అలాగే ఉన్నవాళ్ళు. అంటే పగలు మాల్‌లో క్రిస్మస్ చెట్టు చుట్టూ నేల తుడిచిన మనిషి, షిఫ్టు అయ్యాక పడుకోడానికి మెట్ల కింద చోటు వెతుక్కునే మనిషి ఒకరే కావచ్చు. సోమరితనం వల్ల రోడ్డున పడ్డారన్న పాత మాట ఆ రోజుతో చెల్లకుండా పోయింది. చాలామంది చందా ఇచ్చి చేయలేని పని వీళ్ళు నడిచి, లెక్కపెట్టి, పక్కన కూర్చుని అడిగి చేశారు.

2019 జూలైలో ప్రభుత్వ శాఖలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి పీర్స్ నెట్‌వర్క్ అని ఒకటి పెట్టుకున్నాయి. దానితోపాటు పెరిగినవే సేఫ్ సౌండ్ స్లీపింగ్ ప్లేసులు. పేరు పొడుగు గానీ సంగతి మనకి తెలిసినదే, అవి సత్రాలు. గుళ్ళూ, చర్చీలూ, మసీదులూ, సంఘాల కార్యాలయాలూ తమ హాలుని రాత్రికి తెరుస్తాయి. ఒక పరుపు, స్నానానికి నీళ్ళు, ఉదయం లేచి పనికి పోవడం. నిర్బంధం లేదు. ఇష్టమైతే వస్తారు, ఇష్టం లేకపోతే పోతారు. నమ్మకం కుదిరాక ఇంటి దరఖాస్తు సంగతీ, ఇంట్లోవాళ్ళతో తగువు సంగతీ మెల్లగా మాట్లాడతారు.

దీనికి పెద్ద పరీక్ష 2020లో వచ్చింది. కోవిడ్ వల్ల మార్చి 18న మలేషియా సరిహద్దు మూసింది. రోజూ వంతెన దాటి పనికొచ్చే మలేషియా వాళ్ళు కొందరు క్రాంజీ స్టేషను దగ్గర నేల మీద పడుకున్నారు. ఏప్రిల్ 7 నుంచి సింగపూరులో కూడా అందరూ ఇంట్లో ఉండాలన్నారు. ఇల్లు లేనివాళ్ళ మాటేమిటి? అప్పుడు ఒకరిని చూసి ఒకరు హాళ్ళు తెరిచారు. పూజలూ ప్రార్థనలూ ఎలాగూ ఆగిపోయాయి, హాళ్ళు ఖాళీగా ఉన్నాయి. భక్తులు లేని హాల్లో ఇల్లు లేనివాళ్ళు పడుకున్నారు. 2021లో మళ్ళీ లెక్క తీస్తే వీధిలో 616 మంది, తాత్కాలిక వసతిలో 420 మంది. రెండూ కలిపితే 1,036. మొత్తం మనుషులు తగ్గలేదు, కప్పు కిందికి వచ్చారు అంతే. 2022 నవంబరు 11 రాత్రి ప్రభుత్వమే మొదటిసారి తన లెక్క తాను తీసింది, వీధిలో 530 మంది. ఒకే గదిలో ఇద్దరి ఏర్పాటుని కూడా 2021 నుంచి కొన్నిచోట్ల మార్చారు. సంస్థ ఒకటి మధ్యన ఉండి, పొసగేవాళ్ళని చూసి జతకడుతుంది.

మనవాళ్ళ సంగతి అడుగుతారు. ఈ లెక్కల్లో చాలావరకు కనపడనివాళ్ళు ఒకరున్నారు. పని అనుమతి మీద వచ్చిన కూలీలు. దెబ్బ తగిలో, జీతం తగాదా పడో యజమాని చూపిన వసతి వదిలి బయటపడ్డ కూలీకి కేసు తేలేదాకా స్పెషల్ పాస్ అని ఒక కాగితం ఇస్తారు. దాని మీద ఊరికే ఉండొచ్చు, పని చేయకూడదు. లిటిల్ ఇండియా వెనక సందుల్లో ఇలాంటివాళ్ళు పడుకుని ఉండటం చూసి, టీడబ్ల్యూసీ2 అనే సంస్థ 2008లో కఫ్ రోడ్డులో వాళ్ళకి ఉచితంగా అన్నం పెట్టడం మొదలుపెట్టింది. పప్పూ అన్నం కోసం వచ్చిన మనిషి అన్నం తింటూ తన కేసు చెప్పుకుంటాడు, అక్కడే సలహా దొరుకుతుంది. సింగపూరు తెలుగు సమాజం 1975 నుంచి ఉంది. ఉగాదీ సంక్రాంతీ ఘనంగా జరుగుతాయి. ఆ వేడుకలకి కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళే మన కుటుంబాలకీ, రెండు వీధుల అవతల చెయ్యి విరిగి కూర్చున్న తెలుగు కుర్రాడికీ మధ్య భాష ఒక్కటే వంతెన. ఆస్పత్రిలో, లాయరు దగ్గర వాడి మాట అనువదించి పెట్టేవాడు దొరికితే అది దుప్పటికన్నా ఎక్కువ.

చివరగా క్రిస్మస్ కానుకల సంగతి. 1988 నుంచి సింగపూరులో బాయ్స్ బ్రిగేడ్ పిల్లలు బీద కుటుంబాలకి బియ్యం, నూనె, బిస్కట్లు సర్ది క్రిస్మస్ ముందు పంచుతారు. మంచి పని, పిల్లలకి మంచి అలవాటు. అయితే కానుక చేరాలంటే తలుపు ఉండాలి. పొయ్యి లేని మనిషికి అయిదు కిలోల బియ్యం బరువే. మంచు దేశాల్లో ఉన్నవాళ్ళం డిసెంబరు అనగానే దుప్పట్లు సేకరిస్తాం. సింగపూరులో డిసెంబరు అంటే ఈశాన్య రుతుపవనం, ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ వాన పడే నెలల్లో ఒకటి. అక్కడ దుప్పటి తడిసి ముద్దవుతుంది. తడవని సంచీ, ఫోను ఛార్జి చేసుకునే వీలు, స్నానం చేయడానికి చోటు, గుర్తింపు కార్డు భద్రంగా దాచుకునే చోటు, ఇవీ కావలసినవి. ఇవి ఊహించి చెప్పేవి కావు, అడిగితే తెలిసేవి. 2014లో మొదలైన హోమ్‌లెస్ హార్ట్స్ ఆఫ్ సింగపూర్ వాళ్ళు ముందు స్నేహం, తర్వాతే సహాయం అంటారు. సంచీలు పంచి వెళ్ళిపోకుండా కూర్చుని కబుర్లు చెబుతారు. విల్లింగ్ హార్ట్స్ అనే వంటశాల రోజుకి వేలమందికి అన్నం పొట్లాలు కడుతుంది, ఏడాది పొడుగునా. 2017లో దాన్ని నెలకొల్పిన ఆయనకి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అక్కడికి ఎవరైనా వెళ్ళి ఉల్లిపాయలు తరిగి రావచ్చు.

సింగపూరులో ఉన్నవాళ్ళు రాత్రిపూట ఎవరైనా అలా పడుకుని కనిపిస్తే, నిద్ర లేపి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. కామ్‌కేర్ నంబరు 1800-222-0000కి చెప్పొచ్చు. మేలుకుని ఉంటే ముందు పలకరించండి. పెద్దవాళ్ళయితే అంకుల్, ఆంటీ అనే అక్కడ పిలుస్తారు.